పక్కవాళ్ళ మాట వినపడేంత దూరం

పెన్నాగరం, తమిళనాడు, 2025

జులై 15, మంగళవారం

ముఖ్యమంత్రి ఇవాళ చిదంబరంలో 'ఉంగళుడన్ స్టాలిన్' (మీతో స్టాలిన్) శిబిరాలు మొదలుపెట్టారు. నవంబరు దాకా రాష్ట్రమంతా కలిపి 10,000 శిబిరాలట. అర్జీ ఇస్తే 45 రోజుల్లో తేల్చాలట. నెలనెలా ఆడవాళ్ళకిచ్చే వెయ్యి రూపాయలు ఇంకా రానివాళ్ళు అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా వీధిలో అప్పుడే అందరూ మన వంతు ఏ తేదీన అని ఆరా తీస్తున్నారు.

సంత రోజు కావడంతో కాలేజీ నుంచి మేకలు కట్టేసిన వైపుగా నడిచి వచ్చాను. ఒక పెద్దాయన, ఒక దళారీ తువ్వాలు కింద చేతులు కలిపి బేరమాడుతున్నారు. ఇప్పుడు ఈ పద్ధతి పాతవాళ్ళ దగ్గరే మిగిలింది. వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు వేళ్ళు కలిపి నొక్కితే ఇంకో లెక్క. పక్కనే నిలబడ్డ నాకు తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ తెలియలేదు. మేకను తోలుకొచ్చిన ఇంకో మనిషి, తన మేకకూ అంతే వస్తుందేమోనని, అరగజం దూరంలో ఆ తువ్వాలునే చూస్తూ నిలబడ్డాడు.

ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ జెన్సెన్ పేపరు గుర్తొచ్చింది. 1997 నుంచి 2001 దాకా కేరళ తీరానికి సెల్‌ఫోన్లు ఒక్కో ప్రాంతానికి విడతలుగా వచ్చినప్పుడు చేపల ధరలు ఏమయ్యాయో ఆయన లెక్క తీశాడు. 2007లో అచ్చయింది. ఫోన్లు రాకముందు ఒక రేవులో కొనేవాళ్ళు లేక చేపలు పారబోస్తుంటే, కాస్త దూరంలోని ఇంకో రేవులో చేప దొరక్క జనం వెనక్కి పోయేవాళ్ళు. ఫోను వచ్చాక పడవ మీదనుంచే ధర కనుక్కున్నారు. పారబోత ఆగింది, రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా తగ్గింది. ఆ ఫోను జాలరిని ఏ ఆఫీసుతోనూ కలపలేదు. ఒక రేవును ఇంకో రేవుతో కలిపింది.

జులై 17, గురువారం

ఆడి నెల మొదలు. మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు.

"అత్తా, మన ధర్మపురి జిల్లా ఎంత పేరున్న జిల్లానో తెలుసా? మీ ఫిజిక్సువాళ్ళకు కాదులే, మాకు."

టిమోతీ బెస్లీ, రోహిణి పాండే, విజయేంద్ర రావు 2002లో చేయించిన సర్వే సంగతి అది. నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో తొమ్మిది జిల్లాలు, 527 ఊళ్ళు. మెదక్, చిత్తూరు, బీదర్, కోలార్, దక్షిణ కన్నడ, కాసరగోడ్, పాలక్కాడ్, కోయంబత్తూరు, ధర్మపురి. అన్నీ సరిహద్దు జిల్లాలే. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు విడగొట్టినప్పుడు గీత ఎక్కడ గీసినా అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోయారు. పరిశోధకులకు కావలసింది సరిగ్గా ఆ మిగిలిపోయినవాళ్ళే. గీతకు రెండు వైపులా ఒకే మాట, ఒకే కులాలు, ఒకే పంటలు ఉన్న బ్లాకులను జతలుగా ఎంచుకుంటే, రెండు వైపుల పంచాయతీల్లో కనిపించే తేడా మనుషుల వల్ల వచ్చింది కాదు, ప్రభుత్వం నడిచే తీరు వల్ల వచ్చింది అని చెప్పవచ్చు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడటం ఒక శాస్త్రానికి ఆధారమైంది. చాలాసేపు సంతోషంగా ఉండిపోయాను.

ఆ సర్వేలో తేలింది ఇది. గ్రామసభకు ఎక్కువగా వచ్చేది ఊళ్ళో అందరికన్నా వెనకబడ్డవాళ్ళు. సభ జరిగిన ఊళ్ళలో సాయం అవసరమైనవాళ్ళకు చేరడం మెరుగ్గా ఉంది. తరవాత విజయేంద్ర రావు, పరోమితా సన్యాల్ ఇవే రాష్ట్రాల్లో దాదాపు మూడు వందల సభల్లో జనం మాట్లాడిన మాటలను మాట పొల్లు పోకుండా రాయించి, 2019లో 'ఓరల్ డెమొక్రసీ' అనే పుస్తకం తెచ్చారు. నీళ్ళు, రేషను, వీధిదీపం, శ్మశానానికి దారి, ఇవే ఆ పుస్తకంలో మాటలు. ఎవరో పెద్ద విశ్వవిద్యాలయంలో కూర్చుని మన శ్మశానం దారి గురించి అంత శ్రద్ధగా చదివారంటే ఆ శ్రద్ధకు దండం పెట్టాలి.

జులై 20, ఆదివారం

ఆర్థికశాస్త్రం ఈ జిల్లాకు 2002లో కొత్తగా వచ్చిందేమీ కాదు. 1792లో శ్రీరంగపట్నం సంధి కింద టిప్పు సుల్తాను బారామహల్‌ను వదులుకున్నాక కంపెనీ తరఫున అలెగ్జాండర్ రీడ్ వచ్చాడు. ఆయన సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో. 1799 దాకా ఇక్కడే. ధర్మపురిలో ఉండి పొలం పొలం కొలిపించాడు. ఏ చేను ఎంత పండుతుంది, ఏ రైతు ఎంత కట్టగలడు అన్న లెక్క ఇక్కడే మొదలై రైత్వారీ అయింది. 1800లో కడప, బళ్ళారి వైపు వెళ్ళి అదే లెక్క అక్కడా నడిపాడు. అనంతపురం, కర్నూలు వాళ్ళకు మన్రో పేరు బాగా తెలుసు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు.

రైత్వారీలో నడుమ జమీందారు లేడు, అది మంచిదే. కానీ నడుమ ఊరు కూడా లేదు. ప్రతి రైతూ తన పట్టా పట్టుకుని ఒక్కడే సర్కారు ఎదుట నిలబడాలి. ఊరి మొత్తానికి ఒక లెక్క కట్టాలని వాదించినవాళ్ళు మద్రాసు రెవెన్యూ బోర్డులోనే ఉన్నారు. చివరికి మన్రో పద్ధతే నిలిచింది. ఇప్పటికీ ఏటా తాలూకాఫీసులో జమాబందీ జరుగుతుంది. చెట్ల కింద జనం, ఎవరి కాగితం వాళ్ళ చేతిలో.

ఒక్కొక్కరుగా నిలబడటం ఈ నేలకు రెండు వందల ఏళ్ళ అలవాటు.

జులై 22, మంగళవారం

ఎర్నెస్ట్ ఐసింగ్ పేపరుకు ఈ ఏడాదితో నూరేళ్ళు. మూడో సంవత్సరం పిల్లలకు ఇవాళ రెండు గంటలూ అదే చెప్పాను.

1920లో విల్హెల్మ్ లెంజ్ ఒక లెక్క ఊహించాడు. అయస్కాంతంలో చిన్న చిన్న సూదులున్నాయనుకోండి. ప్రతి సూదీ పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి. ప్రతిదానికీ తెలిసేది తన పక్క సూది మాత్రమే. పక్కది ఎటు చూస్తే తానూ అటు చూడాలనిపిస్తుంది, ఆ లాగుడుకు 'జే' అని పేరు. వేడి మాత్రం అన్నింటినీ కుదిపేస్తుంటుంది. బయటి నుంచి అయస్కాంతం పెడితే అది 'హెచ్'. ఇప్పుడు బయటి నుంచి ఏమీ పెట్టకుండా, పక్కదాన్ని చూసి పక్కది తిరుగుతూ, మొత్తం సూదులు ఒకే దిక్కు చూడగలవా?

ఐసింగ్ సూదులను ఒకే వరుసలో పేర్చి లెక్క కట్టాడు. చూడలేవని తేలింది. ఎంత చల్లబరిచినా, కాస్త వేడి మిగిలి ఉంటే చాలు, వరుస నిలవదు. ఎందుకో పిల్లలకు బోర్డు మీద చూపించాను. వరుసలో ఒక్కచోట తెగితే అవతలివాళ్ళకు ఇవతలి కబురు అందే దారి ఇంకొకటి లేదు. అదే సూదులను బల్ల మీద గళ్ళు గళ్ళుగా పరిస్తే కథ మారిపోతుంది. ఒకచోట తెగినా చుట్టూ తిరిగి కబురు చేరుతుంది. గళ్ళలో క్రమం నిలుస్తుందని 1936లో పియర్ల్స్ చూపించాడు. 1944లో ఆన్సాగర్ ఆ లెక్కను పూర్తిగా విప్పాడు.

ఐసింగ్ జీవితం కూడా చెప్పాను. యూదుడు. హిట్లర్ వచ్చాక జర్మనీలో ఉద్యోగం పోయింది. లక్సెంబర్గ్‌లో తలదాచుకున్నాడు. యుద్ధంలో రైలు పట్టాలు ఊడదీసే వెట్టిపని చేశాడు. 1947లో అమెరికా చేరి, పియోరియా అనే ఊళ్ళో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. తన చిన్న లెక్క ప్రపంచమంతా పాకిందని ఆయనకు తెలిసింది 1949లో. అన్నేళ్ళూ ఆయనకు ఆ కబురు చెప్పేవాళ్ళు పక్కన ఎవరూ లేరు.

పిల్లలు చాలాసేపు కదల్లేదు.

జులై 23, బుధవారం

సుబ్రహ్మణ్య శివ పోయి ఇవాళ్టికి నూరేళ్ళు. పాప్పారపట్టిలో ఆయన మండపం దగ్గరికి పూలు పట్టుకుని వెళ్ళాం. 1908లో ఉపన్యాసాలిచ్చినందుకు జైలు, జైల్లో కుష్ఠు. ఆ రోగం పేరు చెప్పి రైలెక్కనివ్వకపోతే ఊరూరూ నడిచి మాట్లాడాడు. 1925 జులై 23న ఇక్కడే కన్నుమూశాడు. ఐసింగ్ పేపరు అచ్చయిందీ ఆ ఏడాదే. ఈ రెండింటికీ సంబంధం లేదు, అయినా ఒకేచోట రాసుకోవాలనిపించింది.

జులై 27, ఆదివారం

మేనల్లుడు పంపిన కాగితాల్లో ఒకటి చదివి లేచి కూర్చున్నాను. విలియం బ్రాక్, స్టీవెన్ డర్లాఫ్, 2001. మనిషి ఒక పని చేయాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మూడు బరువులుంటాయంటారు. ఆ పని వల్ల తనకు వచ్చే మేలు ఒకటి. పక్కవాళ్ళు చేస్తారని తన అంచనా ఇంకొకటి. బయటివాళ్ళకు కనిపించని సొంత కారణాలు మూడోది. ఈ మూడింటినీ కలిపి వాళ్ళు కట్టిన సమీకరణం, నేను మూడో సంవత్సరానికి చెప్పే సగటు అయస్కాంతం సమీకరణమే. గుర్తులు మారాయి, అంతే. ఫిజిక్సులో వేడి ఉన్నచోట వాళ్ళకు మనిషి మనసులోని తెలియనితనం ఉంది. రెండు వేరు దారుల్లో నడిచినవాళ్ళు ఒకే గుమ్మం దగ్గర కలుసుకున్నారు.

ఆ సమీకరణం చెప్పే విషయం పెద్దది. 'జే' బలంగా ఉంటే ఒకే ఊరికి రెండు నిలకడలుంటాయి. అవే ఇళ్ళు, అవే కష్టాలు ఉన్నా ఊరంతా సభకు వచ్చే నిలకడ ఒకటి, ఒక్కరూ రాని నిలకడ ఒకటి. రాని ఊరిని చూసి 'వీళ్ళకు పట్టదు' అనడం తప్పు. పక్కవాళ్ళు రారని ప్రతి ఒక్కరూ అనుకోవడంతోనే ఎవరూ రాకుండా పోవచ్చు.

'జే' సున్నా అయితే? అప్పుడు ఎవరికి వారే. బయటి నుంచి ఎంత లాగితే అంతే తిరుగుతారు, ఒక్క వీసం ఎక్కువ తిరగరు.

ఫోనులో అర్జీ పెట్టే యాప్‌లు, పోర్టళ్ళు ఎన్నో వచ్చాయి. 2014లో కేంద్రం పౌరుల అభిప్రాయాలు తీసుకోవడానికి మైగవ్ తెచ్చింది. చాలా రాష్ట్రాలూ తమవి తెచ్చుకున్నాయి. తాలూకాఫీసుకు బస్సు ఛార్జీలు పెట్టుకుని పోలేని ముసలివాళ్ళకు అవి నిజంగా మేలు. నేను వాటిని కాదనను. కానీ దాదాపు అన్నీ ఒకే తీరున కట్టారు. ప్రతి మనిషికీ ఆఫీసుకూ మధ్య ఒక తీగ, మనిషికీ మనిషికీ మధ్య ఏమీ లేదు. నా అర్జీ నెంబరు నాకే. పక్కింటి అర్జీ నాకు కనపడదు. ఫారంలో ఉన్న గడులే అడగగలం, లేని గడి గురించి అడగలేం. సమీకరణంలో 'జే' దగ్గర సున్నా వేసి, 'హెచ్' ఒక్కటి ఉంచినట్టు.

మన్రో పట్టా కూడా అంతే కదా.

జులై 28, సోమవారం

పని మీద ధర్మపురి కలెక్టరేటుకు వెళ్ళాను. సోమవారం కాబట్టి అర్జీల రోజు. గేటు బయట బల్ల వేసుకుని రాసిపెట్టే ఆయన దగ్గర కాసేపు కూర్చున్నాను. తెల్లకాగితం పైన రాళ్ళు, పక్కన రెవెన్యూ స్టాంపుల డబ్బా. వచ్చిన ముసలావిడ తన గోడంతా చెప్పుకుంది. కొడుకు, కోడలు, ఇల్లు, దారి, ఎద్దు. ఆయన అంతా విని, మూడు వరుసల్లో రాశాడు. 'దారి ఆక్రమణ తొలగించాలని కోరుతున్నాను.' కోడలు పోయింది, ఎద్దు పోయింది. ఆఫీసు చదివేది ఆ మూడు వరుసలే కాబట్టి ఆయన రాసింది సరైనదే. కానీ అక్కడ వరుసలో ఉన్న ఇంకో ఇద్దరు ఆవిడ మాట మొత్తం విన్నారు. ఒకాయన "మా వూళ్ళోనూ అదే దారి గొడవ" అంటూ పక్కకు జరిగి ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఆడి పద్దెనిమిది. హొగెనక్కల్‌లో కావేరి నిండుగా ఉంది. ఒడ్డున కొత్త పసుపుతాళ్ళు, పూలు, ఉడికించిన చేపల వాసన. పుట్టి నడిపేవాళ్ళు నీటి మట్టం చూస్తూ కూర్చున్నారు.

ఈ నది మా తాలూకాలోనే దూకుతుంది. అయినా తరతరాలుగా ఈ జిల్లా బోరునీళ్ళే తాగింది. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా అవ్వ పళ్ళు గోధుమరంగు చారలు, మా అమ్మవీ అంతే. హొగెనక్కల్ తాగునీటి పథకానికి 2008లో శంకుస్థాపన, జపాన్ సంస్థ జైకా అప్పు, 2013లో ప్రారంభం. ఇప్పుడు పెరిగే పిల్లల పళ్ళు చూస్తే ఆ పైపు ఏ వీధికి చేరిందో, ఏ వీధికి చేరలేదో చెప్పేయొచ్చు.

ఇక్కడే చార్లెస్ మాన్‌స్కీ హెచ్చరిక గుర్తుంచుకోవాలి. 1993లో ఆయన అడిగాడు: ఒక వీధిలో అందరూ ఒకేలా ఉంటే, ఒకరిని చూసి ఒకరు అలా అయ్యారా, లేక అందరి మీదా ఒకే కారణం పని చేసిందా? బయటి నుంచి చూసి చెప్పడం చాలా కష్టం. పళ్ళ చారలు పక్కింటి నుంచి అంటుకోవు, బోరు ఒకటే కాబట్టి వస్తాయి. గ్రామసభలో పది మంది నీళ్ళ గురించే లేచి మాట్లాడితే, మొదటి మనిషిని చూసి మిగతావాళ్ళకు ధైర్యం వచ్చిందా? లేక పది మందికీ నీళ్ళు లేవు కాబట్టి ఎలాగూ మాట్లాడేవాళ్ళేనా? నేను 'జే' గురించి ఎంత ఉత్సాహంగా రాసుకున్నా ఈ ప్రశ్న దాటకుండా ముందుకు పోకూడదు.

రాత్రి చాలాసేపు ఆలోచించాను. తేడా తెలియాలంటే ఒక్కటే దారి. సభకు ముందు ఎవరికి ఏం తెలుసో తెలియాలి, సభలో విన్న తరవాత ఏం మారిందో చూడాలి.

ఆగస్టు 7, గురువారం

మేనల్లుడితో వాదన.

"అత్తా, నీ లెక్క ప్రకారం ఒక్కొక్కరితో విడివిడిగా ఫోన్లో మాట్లాడితే ఏమీ జరగకూడదు. తెలంగాణలో జరిగింది చూడు."

2018లో రైతుబంధు మొదటి విడత. ఎకరానికి నాలుగు వేలు, చెక్కు రైతు చేతికే ఇవ్వాలి. 57 లక్షల మంది రైతులు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్, జెఫ్రీ వీవర్ కొన్ని మండలాలను చీటీ వేసినట్టు ఎంపిక చేశారు. అక్కడి అధికారులకు, చెక్కు అందిందా లేదా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతామని ముందే చెప్పారు. చేసింది అంతే. ఆ మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు.

వాడు చెప్పింది నిజం, ఒప్పుకోవాల్సిందే. రైతుకూ రైతుకూ మధ్య అక్కడ తీగ లేదు. అయినా పని జరిగింది. కానీ చూడాల్సింది ఫోను ఎటు నుంచి ఎటు వెళ్ళిందన్నది. అర్జీ పోర్టల్లో పౌరుడు అడగాలి, ఆఫీసు తీరికగా జవాబివ్వాలి, జవాబు సరైందో కాదో ఆఫీసే రాసుకుంటుంది. ఇక్కడ పని చేసినవాడి మాట పక్కన పెట్టి, అందుకోవాల్సినవాడిని మూడో మనిషి అడిగాడు. పని 'అయిపోయింది' అని రాసే కలం అధికారి చేతిలోంచి జారింది.

"అయితే సభలో జరిగేదీ అదే కదా," అన్నాను. "పని అయిందని ఆయన చదువుతాడు. కాలేదని అంతమందిలో ఒకరు లేచి చెప్తారు."

వాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "దాన్ని కొలవొచ్చత్తా," అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఆగస్టు 10, ఆదివారం

అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యులు. చదువు లేనివాళ్ళకు, ఆస్తి లేనివాళ్ళకు కూడా ఒక్కసారిగా ఓటు ఇవ్వడం సరైనదేనని రాజ్యాంగ సభలో నిలబడి చెప్పినవారు. ఆయన కొడుకు అల్లాడి రామకృష్ణన్ సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త. మద్రాసు మైలాపూరులో వాళ్ళ ఇల్లు ఏకామ్ర నివాస్‌లోనే కుర్రాళ్ళను పోగేసి భౌతికశాస్త్రం సెమినార్లు నడిపారు. 1960లో నీల్స్ బోర్ మద్రాసు వచ్చినప్పుడు ఆ కుర్రాళ్ళను చూసి మెచ్చుకున్నారు. 1962 జనవరి 3న మ్యాట్‌సైన్స్ పుట్టింది. ఇప్పుడు తరమణిలో ఉన్న గణితశాస్త్రాల సంస్థ అదే. నేను ఎమ్మెస్సీలో మొదటిసారి ఐసింగ్ గురించి విన్నది అక్కడి వేసవి తరగతుల్లో.

తండ్రి ప్రతి మనిషికీ ఒక ఓటు ఉండాలన్నారు. కొడుకు నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకరినొకరు ప్రశ్నించుకునేలా చేశారు. ఒకే ఇంట్లో.

ఆగస్టు 15, శుక్రవారం

గ్రామసభ. పెన్నాగరం టౌన్ పంచాయతీ కాబట్టి ఇక్కడ జరగదు. పక్క పంచాయతీకి వెళ్ళాను.

జనవరి 5తో ఈ జిల్లా పంచాయతీల్లో ఎన్నికైనవాళ్ళ గడువు ముగిసింది. ఎన్నికలు ఇంకా జరగలేదు. ప్రెసిడెంటు లేరు, వార్డు మెంబర్లు లేరు, ప్రత్యేక అధికారి పాలన. బడి వరండాలో బల్ల, దాని వెనక ఇద్దరు ఉద్యోగులు. ముందు సంతకాల పుస్తకం తిప్పారు, తరవాత జమాఖర్చులు చదివారు. గాలికి కాగితం ఎగిరిపోతుంటే గ్లాసు పెట్టారు. తాగునీళ్ళు అనే అంశం వచ్చినప్పుడు, "వచ్చిన ఫిర్యాదులన్నీ పరిష్కరించాం" అని చదివారు.

ముందు వరుసలోంచి ఒకావిడ లేచింది. అధికారులతో తమిళంలోనే మాట్లాడింది. పైపు పగిలి నెలలైందని, ఫోన్లో అర్జీ పెడితే పని అయిపోయిందని మెసేజి వచ్చిందని. ఫోను చేతిలోనే ఉంది. వెలుతురుకు తెర కనపడక అరచెయ్యి అడ్డం పెట్టి చూపించింది.

వెనక కూర్చున్నావిడ తెలుగులో, "వదినా, మాకూ అదే వచ్చిండాది," అంది.

అప్పుడు చూశాను. ఒకరి తరవాత ఒకరు కొంగులోంచి, జాకెట్లోంచి ఫోన్లు తీశారు. ఒకరి తెర పక్కన ఒకరి తెర పెట్టుకుని చదువుకున్నారు. అదే మెసేజి, అదే మాటలు, నెంబరు ఒక్కటే వేరు. "నాది ఒక్కదానిదే పోయిందనుకున్నా" అని ఒకావిడ, "నేను సరిగ్గా రాయలేదేమో అనుకున్నా" అని ఇంకొకావిడ. ఇన్ని నెలలూ పక్కపక్క ఇళ్ళల్లో ఉండి ఈ మాట ఒకరితో ఒకరు అనుకోలేదు. మాన్‌స్కీ ప్రశ్నకు ఇదీ ఒక జవాబే. నీళ్ళు లేకపోవడం అందరికీ ముందునుంచీ ఉన్నదే. అందరికీ లేవని, అందరికీ ఒకే జవాబు వచ్చిందని తెలియడం మాత్రం ఆ నిమిషంలో కొత్తగా పుట్టింది.

ఉద్యోగి వారంలో మనిషిని పంపుతామన్నాడు. మొదట లేచినావిడ కూర్చోలేదు. "తేదీ తీర్మానంలో రాయండి సార్. రాసింది చదవండి." రాశాడు. చదివాడు.

రమ్య పార్థసారథి, విజయేంద్ర రావు, నేత్ర పళనిస్వామి తమిళనాడు గ్రామసభల మాటలను కంప్యూటరుతో విశ్లేషించి 2019లో అచ్చువేశారు. ఆడవాళ్ళు తక్కువ మాట్లాడతారు, ఏ అంశం చర్చకు రావాలో వాళ్ళు తేల్చడం తక్కువ, వాళ్ళ మాటకు సరైన జవాబు రావడం ఇంకా తక్కువ. పంచాయతీ పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయితే మాట్లాడటం పెద్దగా పెరగలేదు గానీ, వాళ్ళ మాట వినపడటం పెరిగింది. ఇవాళ ఆ బల్ల వెనక ఎన్నికైన ఆడమనిషి కాదు కదా, ఎన్నికైన మనిషే లేడు. అక్టోబరు 2 సభకైనా ఉంటారో లేదో. ఈ ఖాళీ మీద నాకు చాలా కోపం ఉంది. రేపు మళ్ళీ తమను ఓటు అడిగే అవసరం లేని మనిషి ఇచ్చిన తేదీ అది.

ఇంకొకటి కూడా చూశాను. కాలనీవాళ్ళు, అంటే దళితవాడవాళ్ళు, వరండాకు అటు చివర, వేపచెట్టు కింద కూర్చున్నారు. వాళ్ళదీ తెలుగే. వాళ్ళ పైపూ ఆ పైపే. వాళ్ళలో ఎవరూ ఫోను తీయలేదు. ఇటువైపు ఆడవాళ్ళు ఎవరూ అటు తిరిగి "మీకూ వచ్చిందా" అని అడగలేదు.

ఆగస్టు 18, సోమవారం

క్లాసులో సభ సంగతి చెప్పాను. ఆ ఊరి కుర్రాడే ఒకడున్నాడు, కాలనీ నుంచి వస్తాడు. సాధారణంగా మాట్లాడడు.

"మేడమ్, జే మైనస్ అయితే?"

మంచి ప్రశ్న. జే మైనస్ అయితే పక్కది పైకి చూస్తే ఇది కిందికి చూస్తుంది. గళ్ళలో అయితే అదీ ఒక క్రమమే, ఒకటి విడిచి ఒకటిగా సర్దుకుంటాయి. త్రికోణాల్లో పేరిస్తే మాత్రం సర్దుకోలేవు. ముగ్గురిలో ఇద్దరు ఎదురెదురు చూస్తే మూడోవాడు ఎటు చూసినా ఒకరితో పేచీ తప్పదు. ఎంత చల్లబరిచినా అది స్థిరపడదని వానియే 1950లో చూపించాడు. బోర్డు మీద త్రికోణం గీసి మూడు మూలలూ పూర్తి చేశాను.

వాడు త్రికోణాన్ని చూస్తూ, "మా ఊళ్ళో వీధికీ కాలనీకీ మైనస్సే మేడమ్. మూడో మూల ఆఫీసు," అన్నాడు.

దీనికి లెక్క నా దగ్గర సిద్ధంగా లేదు. సాయంత్రం వాడితో కూర్చుని ఆఫీసు మూలను స్థిరంగా పట్టుకుంటే ఏమవుతుందో, వదిలేస్తే ఏమవుతుందో రెండు పేజీలు కట్టాం. మేనల్లుడికి ఫొటో తీసి పంపాను. అక్టోబరు 2 సభలోపు, పైపు పగిలిన మెసేజి కాలనీలో ఎందరికి వచ్చిందో ఇంటింటికీ వెళ్ళి రాసుకొస్తానన్నాడు కుర్రాడు. వీధి ఇళ్ళు నేను రాయాలి. ఎల్లుండి కాలేజీ అయ్యాక మొదలు.